జూన్ ఒకటిన పుట్టినవాడు

మహేందర్ సారు బేస్‌బాల్‌ను ఎంచుకున్నది ఆ ఆట మీద మోజుతో కాదు, ఆ ఆట ఎవరూ ఆడరని. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డు ఊళ్ళో ఉన్నత పాఠశాలకు ఆయన పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు పీఈటీ. కబడ్డీలో జిల్లా దాటాలంటే ముప్పై జట్లను ఓడించాలి. బేస్‌బాల్‌కైతే చుట్టుపక్కల జిల్లాలన్నీ వెతికినా ఐదారు జట్లకు మించి తేలవు. రెండు ఆటలు గెలిస్తే రాష్ట్రస్థాయి, అక్కడ నిలబడితే జాతీయస్థాయి, చేతిలో సర్టిఫికెట్, దాంతో కాలేజీలో క్రీడల కోటా. ఈ సంగతి వ్యాయామ ఉపాధ్యాయులందరికీ తెలుసు, పైకి అనరంతే. మహేందర్ మాత్రం పైకే అనేవాడు.

"గుంపుల నిలవడితే మనల్ని ఎవడు జూస్తడ్రా? జర ఖాళీ జాగ జూసుకొని నిలవడాలె" అని పిల్లలకు చెప్పేవాడు.

ఆ మాట వెనక ఆయన సొంత గాయం ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో కబడ్డీ కూతకు వెళ్తే ఒకరిద్దరిని తాకి గాని తిరిగి వచ్చేవాడు కాదు. వనపర్తిలో ఎంపికలు జరిగిన రోజు రెండు వందల మంది వచ్చారు. ఎంపిక చేసే పెద్దమనుషులు భోజనానికి లేచి వెళ్ళిన సమయానికి ఆయన వంతు వచ్చింది. ప్రాణం పెట్టి ఆడాడు, గెలిచాడు, చూసినవాడు లేడు. ఆ కడుపుమంట ఇప్పటికీ ఆరలేదు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి. ఇంకాసేపటికి చెబితే ఎవరూ నమ్మరు.

కరోనా కాస్త సద్దుమణిగిన ఏడాది, జములమ్మ అనే ఆమె కొడుకును ఆరో తరగతిలో చేర్చడానికి బడికి తీసుకొచ్చింది. పదేళ్ళకు పైగా పుణెలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి అప్పుడే ఊరు చేరింది. కొడుకు పేరు ఉదయ్ కిరణ్. తల్లి లోపల కాగితాల కోసం కూర్చుంటే వాడు బయట నిలబడ్డాడు. బడిలో అప్పుడు మరుగుదొడ్ల గోడ లేస్తోంది. వాడు ఎవరూ అడగకుండానే కుప్పలోంచి ఇటుక తీసి, గోడ మీదున్న మేస్త్రీకి విసరడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, పది. మేస్త్రీ చెయ్యి కదపనక్కర లేకుండా ప్రతి ఇటుకా అదే అరచేతిలోకి వచ్చి పడుతోంది. పుణెలో పిల్లవాడు కిందినుంచి విసిరితే పై అంతస్తులో తల్లి పట్టుకునేది. కొంచెం వంకరగా పోతే ఆమె వేళ్ళు నలిగేవి. అట్లా నేర్చుకున్న గురి అది. కిటికీలోంచి చూస్తున్న మహేందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ప్రవేశాల రిజిస్టరు రాసే పని ఆ రోజు ఆయనదే. "పిల్లగానికి ఎన్నేండ్లు?" అని అడిగాడు.

"వరదొచ్చిన యేడు పుట్టిండు సారూ. కృష్ణ పొంగలే? మేం అలంపురం దిక్కు చేను కౌలుకు పట్టుకొని ఆడనే గుడిసెల ఉంటుంటిమి. మోటారు తీస్కొస్తనని పోయిండు మా ఆయన, తిమ్మప్ప. నీళ్ళల్ల పోయిండు. మూడొద్దులకు దొరికిండు. నాలుగో దినం గద్వాలల వరదోళ్ళను ఉంచిన షెడ్డుల వీడు పుట్టిండు. ఆడోళ్ళు చుట్టూత చీరలు పట్టుకొని నిలవడ్డరు, నేను సిమెంటు మీద పన్నుకున్న. నీళ్ళు ఇంక తియ్యనే లేదు."

ఈ కథను ఆమె అడిగినా చెప్పేది, అడగకపోయినా చెప్పేది. దానికి కారణం ఉంది. అత్తగారి ఊరికి, అంటే ఈ ఊరికి, ఆమె పదకొండేళ్ళ తర్వాత కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. షెడ్డులో పురుడు పోసిన ఆడవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. నెల తిరగకముందే ఆమె పచ్చి బాలింతగా, కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ వెంట పుణె లారీ ఎక్కింది. చూసినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరు. వరదలో పుట్టిన బిడ్డ అప్పుడే పోయి ఉంటుందని, వీడు పుణెలో మేస్త్రీకి పుట్టినవాడని కొన్ని నోళ్ళు గొణిగాయి. తిమ్మప్ప అన్న దశరథం ఒక్కడే గట్టిగా నిలబడ్డాడు. "మా తమ్ముని మొఖమే, కండ్లు లేవా మీకు?" అని నలుగురిలో అన్నాడు. దశరథం మాటంటే ఊళ్ళో విలువుంది. నోళ్ళు మూతపడ్డాయి.

మహేందర్ ఆ కథ సగం చెవితోనే విన్నాడు. మనసులో ఇంకో లెక్క నడుస్తోంది. వాడికి పన్నెండు నిండబోతున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే పద్నాలుగేళ్ళ లోపు పోటీల్లో రెండేళ్ళకు మించి దక్కవు, ఆట నేర్పడానికే ఆ కాలం సరిపోదు. ఎట్లాగూ ఆరో తరగతి పిల్లవాడికి పదేళ్ళుంటే చూడటానికి బాగుంటుంది. ఆ పేజీలో అప్పటికే పదకొండు మంది పేర్లున్నాయి, తొమ్మండుగురు జూన్ ఒకటినే పుట్టారు. మన దగ్గర తల్లులకు కరువు గుర్తుంటుంది, వాన గుర్తుంటుంది, తేదీ మాత్రం బడివాళ్ళే ఇస్తారు. మహేందర్ 1-6-2011 అని రాశాడు.

"ఏం రాసినవ్ సారూ?" అంది జములమ్మ. ఆమెకు చదువు రాదు.

"పుట్టిన తేదీ. నువ్వు పరేషాన్ గాకు."

"మంచిగ రాయి సారూ" అని దండం పెట్టి వెళ్ళింది.

నాలుగేళ్ళు గడిచాయి. ఉదయ్ చేతికి బంతి ఇస్తే అది ఇటుక కన్నా తేలికని నవ్వాడు. మహేందర్ గోడ మీద సుద్దతో నలుచదరం గీసి, రోజుకు ఎనభై బంతులు దానిలోకి వేయించాడు. పద్నాలుగేళ్ళ లోపు జట్టులో వాడు రాష్ట్రానికి ఆడాడు, జాతీయ పోటీల్లో కంచు పతకం తెచ్చాడు. ప్రతి పోటీకి ముందు మహేందర్ వాణ్ణి గద్వాలలో మంగలి దుకాణానికి తీసుకెళ్ళి నూనూగు మీసం గీయించేవాడు. మొటిమలు తగ్గుతాయని వాడికి చెప్పాడు. వాడు నమ్మాడు. సారు ఏం చెప్పినా నమ్మేవాడు.

పదో తరగతిలోకి వచ్చేసరికి మహేందర్‌కు వీడియోల పిచ్చి పట్టింది. బండి సీటు మీద ఫోను ఆనించి, బంతి వేసే చెయ్యి, కాలు పడే చోటు, సుద్ద గీత మీద బంతి తగిలే చప్పుడు అన్నీ తీసి, ఎక్కడెక్కడి కాలేజీల కోచ్‌లకో పంపేవాడు. ముప్పై ఒక్క వీడియోలు పంపాడు. నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. భార్య పద్మావతి, "ఇంట్ల పిల్లల ఫొటో ఒక్కటన్న తీసినవా ఏనాడన్న?" అని దెప్పేది. అయినా ఆయన ఆగలేదు.

ఆ చలికాలం నాగర్‌కర్నూల్‌లో పెద్ద పిల్లల రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీ నుంచి ప్రభుదాసు అనే ఆయన వచ్చాడు. ఆటగాళ్ళను ఇంటర్‌లోనే తీసుకొని డిగ్రీ దాకా చదివించే కాలేజీ అది. వల వెనక కుర్చీ వేసుకొని, బంతి వేగం కొలిచే యంత్రాన్ని చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. ఉదయ్ బంతి వేశాడు. యంత్రంలో గంటకు నూట పదిహేడు కిలోమీటర్లు పడింది. ప్రభుదాసు దాన్ని తొడకు తట్టి మళ్ళీ చూశాడు. రెండో బంతికి నూట పద్దెనిమిది.

"ఈ బాబుకు వయసెంత?"

"పద్నాలుగు నిండినయి సార్" అన్నాడు మహేందర్.

"పద్నాలుగేళ్ళకే నూట పద్దెనిమిదా!"

ఆ గొంతులోని ఆశ్చర్యం కోసమే కదా మహేందర్ ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆట అయ్యాక ప్రభుదాసు పిల్లవాడి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. కలిపిన చేతిని వెంటనే వదల్లేదు. మణికట్టు తిప్పి చూశాడు, భుజాలు చూశాడు, పై పెదవి మీద కత్తి గాటును చూశాడు.

"గడ్డం గీస్తున్నవా అప్పుడే?"

"మొటిమలకని సార్ గీయించిండు" అన్నాడు ఉదయ్ అమాయకంగా.

ప్రభుదాసు నవ్వాడు. తర్వాత చాయ్ తాగుతూ చెప్పాడు. నిరుడు ఒక పిల్లవాడి వయసు తప్పని తేలి వాళ్ళ కాలేజీ జట్టును రెండేళ్ళు పోటీలకు రానివ్వలేదట. "అందుకే ఇప్పుడు కాగితాలు నా కండ్లతోనే చూస్త సార్" అన్నాడు. మహేందర్ మిగిలిన చాయ్ పారబోసి, చల్లారిందన్నాడు. మనల్ని ఎవరూ చూడటం లేదని ఏడ్చేవాడికి, చూపు పడితే అది ఎక్కడెక్కడికి పోతుందో ముందు తెలియదు పాపం.

మహేందర్ ఆ రోజు ఇంకో మాట కూడా జారాడు. ఉచిత సీట్లు అయిపోయాయని, తండ్రి లేని పిల్లల కోసం ఉంచినది ఒక్కటే మిగిలిందని ప్రభుదాసు అన్నాడు. అనడమే ఆలస్యం, "తండ్రి లేడు సార్! నిజంగనే లేడు!" అని మహేందర్ గంతేసినంత పని చేశాడు. ఒక మనిషి చచ్చిపోయినందుకు అంత సంతోషపడటం ఎవరూ విని ఉండరు.

మార్చిలో కాగితాల నకళ్ళు తీయించడానికి గద్వాల వెళ్ళాడు. జిరాక్స్ దుకాణంలో బడి ఇచ్చిన పుట్టిన తేదీ కాగితం, తిమ్మప్ప మరణ ధ్రువపత్రం ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి. అప్పటిదాకా ఆ రెండూ ఒక బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. మరణం 2-10-2009. పుట్టుక 1-6-2011. మహేందర్ వేళ్ళు మడిచాడు. ఇరవై నెలలు. తప్పు లెక్కపెట్టానేమోనని రెండో చేత్తో మొదలుపెట్టాడు. ఇరవయ్యే. తండ్రి పోయిన ఇరవై నెలలకు కొడుకు పుట్టినట్టు తన చేతిరాతే చెబుతోంది. ఊళ్ళో మూతపడ్డ నోళ్ళు ఏం గొణిగాయో, కాగితం ఇప్పుడు అదే గొణుగుతోంది.

ఆయన నకళ్ళు సంచిలో పెట్టుకొని బయటికి వచ్చాడు. మండే ఎండలో బస్టాండు వైపు నడిచాడు. ప్రభుదాసుకు ఫోన్ చేసి నిజం చెప్పవచ్చు. చెబితే సీటు పోతుంది, కంచు పతకం పోతుంది, ఆ జట్టులో ఆడిన మిగతా పిల్లల సర్టిఫికెట్లూ పోతాయి, తన ఉద్యోగం సంగతి సరేసరి. ఎవడు లెక్కపెడతాడులే అనుకున్నాడు. అట్లా అనుకోవడానికి బస్సు దిగేదాకా పట్టింది.

కనీసం జములమ్మకు చెప్పి పెట్టాలి కదా. ఒకసారి వాళ్ళ ఇంటిదాకా వెళ్ళాడు కూడా. ఆమె ముంగిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. మజ్జిగ తెచ్చిచ్చి, "నా కొడుకు కాలేజీకి పోతుండని వాడకట్టంత చెప్పిన సారూ. వాళ్ళ నాయన ఉంటే ఎంత మురిసిపోతుండెనో" అంది. మహేందర్ మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశాడు. పిరికితనమంటే అదే. దానికి ఇంకో పేరు పెట్టనక్కర లేదు.

ఏప్రిల్ నెలాఖరులో ప్రభుదాసు బడికి వచ్చాడు. పరీక్షలు అయిపోయి బడి ఖాళీగా ఉంది. ప్రధానోపాధ్యాయుడి గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇంటి పెద్దగా సంతకం పెట్టడానికి దశరథం ఉతికిన పంచె కట్టుకొని వచ్చాడు. జములమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఉదయ్ గుమ్మంలో నిలబడి చేతిలో బంతిని తిప్పుతున్నాడు. ప్రభుదాసు కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. ఒకటి పక్కకు జరిపాడు. దాని పక్కకు ఇంకొకటి జరిపాడు. మహేందర్ చూస్తూనే ఉన్నాడు.

"మీ ఆయన ఎప్పుడు పోయిండమ్మా?" అని మెత్తగా అడిగాడు ప్రభుదాసు.

జములమ్మ ముఖం విప్పారింది. ఆమెకు తెలిసిన కథే అడిగాడు. "వరదల్ల సార్. మోటారు తీస్కొస్తనని పోయిండు. మూడొద్దులకు దొరికిండు. నాలుగో దినం..."

"జములమ్మా!" అన్నాడు మహేందర్.

ఆ కేక అంత గట్టిగా వస్తుందని ఆయనే అనుకోలేదు. ఆమె ఆగిపోయింది. ఎన్నో వందలసార్లు చెప్పిన కథ మొదటిసారి సగంలో ఆగింది. ఆమె మహేందర్ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"నాలుగో దినం ఏమైందమ్మా?" అన్నాడు ప్రభుదాసు.

ఆమె బల్ల మీది కాగితాల వైపు చూసింది. "కాయితం ఏమంటుంది సార్?" అని అడిగింది.

"బాబు రెండువేల పదకొండు జూన్‌ల పుట్టిండంటుంది. అప్పటికి మీ ఆయన పోయి ఇరవై నెలలు."

దశరథం తల ఎత్తాడు. గుమ్మంలో బంతి తిరగడం ఆగింది.

"కాయితం తప్పైతే?"

"తప్పైతే బాబు జాతీయ పోటీల సర్టిఫికెట్ చెల్లదు. జట్టు పిల్లలందరివీ చెల్లవు. సీటు ఇయ్యలేను. తేదీ రాసినోళ్ళ మీద కేసు గుడ అయితది." ప్రభుదాసు కొంచెం తటపటాయించాడు. మంచివాడే, కాని ఉదయ్ బంతి వేగం ఆయన కూడా మర్చిపోలేకపోతున్నాడు. "తప్పు కాదని నువ్వు చెబితే చాలమ్మా, నేను ఇంకేం అడగ. రాసుకుంట."

జములమ్మ చాలాసేపు మహేందర్‌నే చూసింది. ఒక్క మాట చాలు. రాసింది నేనని అంటే అయిపోతుంది. ఆ మాట ఆయన నాలుక మీదికి వచ్చింది కూడా. అక్కడే ఉండిపోయింది. ఇక ఆయన అనడని ఆమెకు అర్థమైన క్షణం మహేందర్‌కు తెలిసింది, ఎందుకంటే అప్పుడే ఆమె చూపు ఆయన మీదినుంచి తీసేసింది.

"కాయితం ఖరేనే సార్, తప్పు కాదు" అంది.

"అంటే బాబు..."

"నా కొడుకు సార్. నేను కన్న. అది సాలదా?"

ప్రభుదాసు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దశరథం లేచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు సర్దుకొని గుమ్మం దాకా వచ్చి, ఉదయ్ ముఖాన్ని ఎన్నడూ చూడనివాడిలా చూశాడు.

"పెద్దనాయనా" అన్నాడు ఉదయ్.

ఆయన పలకకుండా బడి మైదానం దాటి ఊళ్ళోకి వెళ్ళాడు. ఆయన నోరు తెరిచి ఎవరికీ ఏమీ చెప్పక్కర లేదు. ఇన్నాళ్ళు ఆయన మాటకు మూతపడ్డ నోళ్ళకు ఆయన మౌనం చాలు.

ప్రభుదాసు దరఖాస్తు తీసి ఉదయ్‌ను లోపలికి పిలిచాడు. "నీ చేత్తోనే నింపు బాబూ" అన్నాడు. వాడు బల్ల దగ్గర వంగి రాయడం మొదలుపెట్టాడు. పేరు రాశాడు. పుట్టిన తేదీ గడిలో కాగితం చూసి జూన్ ఒకటి, రెండువేల పదకొండు అని దింపాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది. వాడు తల్లిని అడగలేదు. మహేందర్ వైపు తిరిగాడు.

"తండ్రి పేరట సార్. గీడ ఏం రాయాలె?"

"తిమ్మప్ప అని రాయి" అన్నాడు మహేందర్.

"చచ్చిపోయిన ఇరవై నెలలకు పుట్టినోడు ఆయన పేరెట్ల రాస్తడు సార్?"

వాడు కోపంగా అనలేదు. ఎప్పటిలాగే సారుకు తెలుస్తుందని అడిగాడు. మహేందర్ కిటికీ వైపు తిరిగాడు. వాడు ఆ గడిలో ఒక అడ్డగీత గీశాడు. ఆ గీత ఏమిటని చదువురాని జములమ్మ ఎవరినీ అడగలేదు.

దరఖాస్తు చివర సాక్షి సంతకం కావాలి. ఆటగాడిని గుర్తించి పంపిన ఉపాధ్యాయుడు పెట్టాలి. పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని అచ్చువేసి ఉంది. ప్రభుదాసు కాగితాన్ని బల్ల మీదుగా జరిపి పెన్ను ఇచ్చాడు. మహేందర్ సారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, దాని కింద సంతకం పెట్టాడు.